చోవా చు కాంగ్‌లో ఒక పాలరాతి పలక, ఒక పసుపు డబ్బా

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. సింగపూర్ వచ్చే మనవాళ్ళు నన్నడిగేవి రెండే రెండు: సెంటోసా దీవికి ఎలా వెళ్ళాలి, టెక్కా బజారులో ఇడ్లీ ఎక్కడ బాగుంటుంది. శ్మశానానికి దారి చెప్పమని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అడక్కుండా దారి చెప్పేవాణ్ణి మా నంద్యాలలో ఏమంటారో ఇక్కడ రాయలేను. కానీ తెలుగులో టైపు చేయడం నేర్పిన మా అమ్మాయి ఊరుకోలేదు. "నాన్నా, ఆ కథ నువ్వు ఫోన్లో నలుగురికి చెప్పావు, నాలుగు రకాలుగా చెప్పావు. ఒక్కసారి రాసిపారెయ్, ఏదో ఒకటి ఖాయమవుతుంది" అంది. కనుక ఇది ఖాయమైన ప్రతి. ఫోన్లో విన్నవాళ్ళు తమ ప్రతులు చించేయవచ్చు.

మా అమ్మాయి, అల్లుడు ఉండేది సెంగ్‌కాంగ్‌లో. ఇప్పుడు ఇక్కడ లిఫ్ట్ ఎక్కితే పక్కనున్నవాడు మెడలో ఆఫీసు బిళ్ళ, చెవిలో ఫోను పెట్టుకుని "సర్వర్ డౌనైంది రా మామా" అంటుంటాడు. అంతమంది మనపిల్లలు. పొద్దున్నే అందరూ రైలెక్కి కంప్యూటర్ల ముందుకు పోతే, మిగిలేది చంటిపిల్లలు, పనిమనుషులు, నాలాంటి వాళ్ళు. నేను ఏడో తరగతితో బడి మానేసి, అద్దె సైకిళ్ళ కొట్టు పెట్టి, సైకిళ్ళు బయటికి పోయిన వేళల్లో దొరికిన కాగితమల్లా చదివి చదువుకున్నవాణ్ణి. పొట్లం విప్పితే పల్లీలకంటే ముందు పొట్లం కాగితం చూసే రకం. అలాంటివాణ్ణి పదమూడో అంతస్తులో కూర్చోబెడితే ఏం చేస్తాడు? వాషింగ్ మెషీన్ మీద రాసింది కూడా చదివేశాను.

ఆ సమయంలో మా వియ్యంకుడు సూర్యనారాయణ ఫోన్ చేశాడు. ఆయన్ని అందరూ సూరి అంటారు. పుట్టింది మలేషియాలో, పెరాక్ కొబ్బరితోటల్లో. తాతలు శ్రీకాకుళం పక్కనుంచి ఓడెక్కినవాళ్ళు. నలభై ఏళ్ళ కిందట పనికోసం దక్షిణానికి, సింగపూర్‌కు దిగి, యూ టీలో ఫ్లాటు తీసుకుని, రాతిపని చేయిస్తున్నాడు. వంటింటి గట్లకు గ్రానైటు, సమాధులకు పలకలు. "రెండూ రాళ్ళే బావగారూ, ఒకటి బతికున్నోళ్ళకి, ఒకటి పోయినోళ్ళకి" అంటాడు.

"బావగారూ, ఇంటికాడ కూకుని ఏటి సేస్తన్నారు? రేపు నా కూడా రండి" అన్నాడు.

"ఎక్కడికి?"

"శ్మశానానికి."

"ఇప్పుడే ఎందుకు బావా, ఇంకా టైముంది కదా!"

ఆయన నవ్వి విషయం చెప్పాడు. చోవా చు కాంగ్‌లో యూదుల శ్మశానం ఉంది. అందులో మోజెల్ అనే పెద్దావిడ నాన్నమ్మ సమాధి మీది పాలరాతి పలక నాలుగు ముక్కలైంది. పాత శ్మశానం నుంచి ఇక్కడికి మార్చేటప్పుడు విరిగితే, ఎవరో సిమెంటు పెట్టి అతికారు. సిమెంటు గట్టిది, పాలరాయి మెత్తనిది. ఎండకూ వానకూ రెండూ ఒక్కలా సాగవు కదా, పోనుపోను అతుకుల దగ్గర రాయి పొట్టులా రాలిపోయింది. ఆవిడ తమ్ముడు సిడ్నీలో ఉంటాడు. ఆ పగుళ్ళు చూసి సిగ్గుపడి, దాన్ని తీసేసి కొత్త నల్ల గ్రానైటు పలక వేయిద్దామన్నాడు. అక్క ఒప్పుకోలేదు. చివరకు ఒక ఒడంబడిక కుదిరింది: గురువారం సాయంత్రం తమ్ముడు దిగేసరికి పాత పలక చూడదగ్గట్టు ఉంటే అదే ఉంటుంది, లేకపోతే గ్రానైటు వస్తుంది. సూరి వారం రోజులుగా సిమెంటు చెక్కించి, నానబెట్టిన సున్నంతో మూడు ముక్కలు కూర్చాడు. నాలుగో ముక్క గురువారానికి మిగిలింది. పేరు చెక్కి ఉన్న ముక్క అదే.

"గ్రానైటయితే నీకు బేరం పెద్దది కదా బావా?" అన్నాను, వియ్యంకుడన్నాక గిల్లాలి కాబట్టి.

"పెద్దదే. అయినా ఆమె ఆ రాయికాడ కూకుంటే సూడాలి మీరు."

గురువారం పొద్దున ఏడున్నరకు బయలుదేరాను. వెళ్ళాలనుకునేవాళ్ళ కోసం దారి: సెంగ్‌కాంగ్‌లో ఎంఆర్‌టీ ఎక్కి ధోబీ ఘాట్‌లో దిగి, అక్కడ ఉత్తరానికి పోయే రైలు పట్టుకోవాలి. అది ఊరి నెత్తిమీదుగా చుట్టి, వుడ్‌లాండ్స్ దాటి, యూ టీ తర్వాత చోవా చు కాంగ్ చేరుతుంది. గంటకు పైగా పడుతుంది, ఖర్చు రెండున్నర డాలర్ల లోపే. కిటికీ వైపు కూర్చుంటే డబ్బు గిట్టుబాటు. దిగిన చోటే బస్సుల అడ్డా ఉంది. 172 ఎక్కాను. డ్రైవరు నా వయసున్న చైనా పెద్దాయన.

"అంకుల్, సెమెటరీ దగ్గర దింపుతారా?" అని నా ఇంగ్లీషులో అడిగాను.

"విచ్ వన్? చైనీస్, ముస్లిమ్, క్రిస్టియన్, హిందూ... ఆల్ గాట్."

"జ్యూయిష్."

అద్దంలోంచి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "యూ జ్యూయిష్ ఆ?"

"నో, నంద్యాల."

"ఓ..." అన్నాడు, అదింకో మతమైనట్టు. "ఓకే లా. సిట్. ఐ టెల్ యూ."

మాట నిలబెట్టుకున్నాడు. నేను దిగబోతుంటే చేత్తో దారి కూడా చూపించాడు. ఆ రోడ్డు పొడుగునా అన్ని మతాలవాళ్ళూ కంచెలు వేసుకుని పడుకుని ఉన్నారు. బతికున్నప్పుడు ఒకే బ్లాకులో పైనా కిందా ఉన్నవాళ్ళే అయ్యుంటారు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. పది నిమిషాలు నడిచి గేటు దగ్గరికి వచ్చేసరికి సూరి వ్యాను కనబడింది.

యూదుల శ్మశానం చిన్నది, శుభ్రమైనది. ఎక్కువ సమాధుల మీద నిలువు రాళ్ళు లేవు, పలకలు పడుకోబెట్టి ఉన్నాయి. వాటి మీద కుడి నుంచి ఎడమకు నడిచే అక్షరాలు. పూలు లేవు. కొన్నిటి మీద చిన్న చిన్న గులకరాళ్ళు మాత్రం వరసగా పెట్టి ఉన్నాయి. మోజెల్ ఒక మడతకుర్చీలో గొడుగు వేసుకుని కూర్చుని ఉంది. డెబ్భై అయిదు పైనే ఉంటుంది, పూల గౌను, కాన్వాసు బూట్లు. సూరితో మలయ్‌లో, నాతో ఇంగ్లీషులో మాట్లాడింది. నేను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను కాబట్టి ఆవిడకు కొంత నంద్యాల అంటుకుంటే క్షమించాలి.

"మీరు రైల్లో వచ్చారా? ఎక్కడ మారారు?" అని అడిగింది.

"ధోబీ ఘాట్."

"అయితే మా నాన్నమ్మ గుమ్మం ముందునుంచే వచ్చారు."

అర్థం కాక చూశాను. ఇప్పుడు ఆ స్టేషనున్న చోటనే ఒకప్పుడు వాళ్ళ పాత శ్మశానం ఉండేదట. రైలు కోసం భూమి కావలసివచ్చి, అందరినీ లేపి ఇక్కడికి మార్చారు. ఈ ఊళ్ళో చచ్చినవాళ్ళకూ బదిలీలు తప్పవు. నేను పొద్దున ఆ స్టేషన్లో మెట్ల దగ్గర నిలబడి అరటిపండు తిన్నాను. తొక్క చెత్తబుట్టలోనే వేశానని ఆవిడకు చెప్పుకున్నాను. "మంచిది, ఆవిడకు చెత్త నచ్చేది కాదట" అంది.

నాన్నమ్మ పేరు కూడా మోజెలే. బాగ్దాదు పిల్ల, కలకత్తాలో పెళ్ళి, ఇక్కడ కాపురం. ఇద్దరు పిల్లలు పుట్టాక చిన్న వయసులోనే పోయింది. ఫొటో లేదు. వాడిన వస్తువు ఒక్కటీ జపానువాళ్ళ యుద్ధం దాటి రాలేదు. "ఆవిడ ఉండేదనడానికి ఈ రాయీ, నా పేరూ, రెండే మిగిలాయి. రాయి మార్చేస్తే నేనొక్కదాన్నే మిగులుతాను. నాకు చూస్తే ఈ వయసు" అంది మోజెల్, గొడుగు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుంటూ.

పని మొదలుపెట్టే ముందు సూరి వ్యాను దగ్గరికి వెళ్ళి ఉలి డబ్బా పక్కనుంచి ఒక చిన్న రేకు డబ్బా తెచ్చాడు. ఇక్కడ పక్కదారి పట్టక తప్పదు. మలేషియా తెలుగువాడికి ఆచారం మనకంటే రెండు పాళ్ళు ఎక్కువ. మనం ఊళ్ళో ఉండి మరిచిపోయినవన్నీ వాళ్ళ తాతలు మూటగట్టుకుని ఓడెక్కించారు. మా అమ్మాయి పెళ్ళిలో మా పురోహితుడు దాటేసిన రెండు తంతులను సూరి ఆపి మరీ చేయించాడు. పురోహితుడు ఇప్పటికీ సింగపూర్ పేరెత్తితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు. అలాంటి సూరి, ఏ పనిలోనైనా ఆఖరి రాయి పెట్టేముందు దానికి పసుపు రాయకుండా పెట్టడు. షాపింగ్ సెంటరు మెట్లకూ అంతే, బ్యాంకు గోడకూ అంతే.

మోజెల్ అప్పుడు పక్క వరసలో ఎవరికో గులకరాయి పెట్టడానికి వెళ్ళింది. సూరి కళ్ళు మూసుకుని, నాలుగో ముక్క మూల మీద, పేరుకు కాస్త కింద, పసుపు తడిపి అరచేతంత రాశాడు. మిగతా చోట్ల పని అయిపోయాక నీళ్ళతో కడిగేస్తే ఏ గోడకూ ఏమీ కాలేదు. వాటికి వాడింది సిమెంటు, జిగురు. ఇక్కడ వాడుతున్నది సున్నం.

మీకు అర్థమైపోయింది. ఆయనకు కాలేదు. నాకూ కాలేదు. నేను నీడలో నిలబడి, సూరి దగ్గర పనిచేసే నాగరాజుతో మాట్లాడుతున్నాను. ఒంగోలు పక్కవాడు, ముప్పై దాటినవాడు, వర్క్ పర్మిట్ మీద వచ్చి మూడేళ్ళయింది. ఇద్దరూ కలిసి ముక్కను దింపారు. చక్కగా కూర్చుంది. సందుల్లో సున్నం కూరి, తడి స్పాంజితో పైన తుడిచారు. మధ్యాహ్నం అయిందని భోజనాలకు గేటు బయటికి వచ్చాం. లోపల తినకూడదు. సూరి భార్య పంపిన క్యారియరులో పులిహోర, వంకాయ, ఒక డబ్బాలో నిమ్మకాయ బద్దలు. మోజెల్ తన డబ్బాలోంచి శనగపిండి కూరిన సంబూసక్‌లు మాకు పెట్టింది. మన సమోసాకు పెత్తల్లి కొడుకు, కాకపోతే కాస్త మర్యాదస్తుడు. మా వంట ఆవిడ నియమాలకు పొసగదు కనుక అరటిపండు మాత్రం తీసుకుంది.

ముందు లోపలికి వెళ్ళింది నాగరాజు. వెళ్ళినవాడు అక్కడే ఆగిపోయాడు.

"సారూ... ఏందిది, ఎర్రగా?"

పరుగెత్తాం. నా వయసులో పరుగంటే పెద్ద నడక. తెల్లటి పలక మీద, పేరు కింద, ఎర్రటి మరక. స్పాంజి తిప్పిన దారంతా పాకి, వేళ్ళలాంటి చారలు తేలి ఉంది. పసుపుకు సున్నం తగిలితే ఏమవుతుందో తెలియని తెలుగువాడు ఉంటాడా? పెళ్ళికూతురి పాదాలకు మా అమ్మ ఎన్నిసార్లు కలిపిందో! తెలిసీ ముగ్గురం నోరు తెరుచుకు నిలబడ్డాం.

"ఓరి దేవుడోయ్! పారాణి అయిపోనాది!" అన్నాడు సూరి. మరక పక్కన కూర్చుని చూశాడు.

నాగరాజు నీళ్ళు పోసి రుద్దబోయాడు. మరక ఇంకొంచెం పాకింది. "ఆపరా, ఆపు!" అని సూరి అరిచాడు. నాకు క్యారియరు గుర్తొచ్చింది. "నిమ్మకాయ రుద్దితే?" అన్నాను.

"రుద్దండి బావగారూ, పులుపుకి మరకా పోతాది, పాలరాయీ పోతాది. మీరు సైకిలు సీట్లు తుడుసుకోండి" అన్నాడు. ఆ సమయంలో కూడా వియ్యంకుడు వియ్యంకుడే.

అప్పుడు టైము రెండున్నర. తమ్ముడు నాలుగింటికి వస్తాడు. మోజెల్ గేటు దగ్గర డబ్బా మూత బిగించుకుంటోంది. ఆమెకు ఎవరు చెప్పాలో ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. చివరకు సూరి లేచాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని ఎదురువెళ్ళి, మలయ్‌లో ఏదో చెప్పాడు. ఆమె కుర్చీ దగ్గర ఆగకుండా నేరుగా రాయి దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఆలామక్..." అంది మెల్లగా, మనం అయ్యో అన్నట్టు. తర్వాత వంగి, ఎర్రటి చారల మీద తన వేళ్ళు ఆనించింది. "దీన్ని మీరు ఏమంటారు?"

నేను చెప్పాను. పసుపు, సున్నం, పెళ్ళికూతురి పాదాలు. నా ఇంగ్లీషు అంతకుముందెప్పుడూ అంత పని చేయలేదు. ఆవిడ కుర్చీ దగ్గరికి తెచ్చుకుని, రాయి పక్కన వేసుకుని కూర్చుంది. కడగవద్దంది. ఆ గంటన్నర మా ముగ్గురికీ ఎలా గడిచిందో రాయడం నావల్ల కాదు. సూరి రెండుసార్లు వ్యాను దాకా వెళ్ళి ఉత్తచేతులతో వచ్చాడు.

నాలుగు దాటాక టాక్సీ వచ్చింది. తమ్ముడి పేరు ఎలియాస్. రిటైరైన పళ్ళ డాక్టరట. పొడుగ్గా, అలిసిపోయి, విమానంలో నలిగిన కోటుతో వచ్చాడు. అక్కను కావలించుకుని, భుజం మీదుగా పలక చూశాడు. వెంటనే వదిలేశాడు.

"ఏమిటిది మోజెల్? రక్తమా?"

"హెన్నా" అంది ఆవిడ.

"ఏమిటీ?"

"హెన్నాలాంటిదే. వీళ్ళ పెళ్ళికూతుళ్ళకు కాళ్ళకు పెడతారట. ఎలియాస్, నాన్న చెప్పేవాడు గుర్తుందా? నాన్నమ్మ ఓడ దిగినప్పుడు సంగతి?"

ఆయన మళ్ళీ పలక వైపు తిరిగాడు. "చేతులకు హెన్నా ఇంకా పోలేదని" అన్నాడు.

"అది పోయేలోపల బజారులో చేపకూ బియ్యానికీ మలయ్ మాటలు నేర్చేసుకుందని."

"గుడ్డుకు నేర్చుకోలేదు. కోడిలా కూసి చూపించేదట" అన్నాడాయన. అని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు, ఆయన మోచెయ్యి పట్టుకుంది.

తర్వాత ఎలియాస్ కోటు తీసి మడిచి, మోకాళ్ళ మీద కూర్చుని పని చూశాడు. ఎలా చూశాడనుకున్నారు? కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసి, ముఖం రాయికి ఆనించి, బొటనవేలి గోరు ప్రతి అతుకు మీదా అడ్డంగా లాగి. ఎక్కడైనా తట్టుకుంటుందేమోనని. ఒక అతుకు, రెండో అతుకు, మూడోది. సూరి ఆ గోటి వెంటే కళ్ళు తిప్పాడు. నాగరాజు నా చెవిలో, "నోరు తెరవమంటాడేమో సారూ రాయిని" అన్నాడు.

"ఎవరు చేశారు?" అని ఎలియాస్ అడిగాడు.

సూరి చెయ్యెత్తాడు, బళ్ళో పిల్లవాడిలా.

"ఫిల్లింగ్ బాగుంది. ఈ ఎరుపు ఉండిపోతుందా?"

"పోతాది సార్. సున్నం ఆరితే పసుపవుతాది, పసుపు ఎండకి పోతాది. వారాలు పట్టొచ్చు." ఇది సూరి ఇంగ్లీషులోనే చెప్పాడు, కానీ నాకు ఇలాగే వినబడింది.

ఎలియాస్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు. గ్రానైటు మాట ఆయన ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు. కింద వెతికి ఒక గులకరాయి తీసుకుని, ఎర్ర మరకకు కాస్త పక్కగా పెట్టాడు. అందరం గేటు దగ్గరున్న కుళాయి కింద చేతులు కడుక్కున్నాం. శ్మశానంనుంచి వస్తే వాళ్ళూ కడుక్కుంటారు, మనమూ కడుక్కుంటాం. ఆ వరసలో నిలబడినప్పుడు ఎవరిది ఏ ఆచారమో వేరుచేసి చూడబుద్ధి కాలేదు.

తిరుగుదారిలో ధోబీ ఘాట్‌లో దిగాను. సాయంత్రం ఆఫీసులు వదిలిన వేళ, మనపిల్లలు మెడబిళ్ళలతో ఒకరినొకరు తోసుకుంటూ మెట్లెక్కుతున్నారు. ఆ మెట్ల కింద ఒకప్పుడు ఎవరున్నారో వాళ్ళకు తెలియదు, తెలియనవసరమూ లేదు. వాళ్ళలో చాలామంది కూడా చేతుల గోరింట పోకముందే ఈ ఊళ్ళో దిగి, చేపకూ బియ్యానికీ ఏమనాలో నేర్చుకుంటున్నవాళ్ళే. మా అమ్మాయి అలాగే దిగింది. పదమూడో అంతస్తులో నాకు ఇదంతా పరాయి ఊరనిపించేది. ఆ రోజు నుంచి ఆ స్టేషన్లో మాత్రం కాస్త చుట్టరికంగా నడుస్తున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: ముందుగా అనుమతి అడిగి వెళ్ళండి, శుక్రవారం మధ్యాహ్నం నుంచి శనివారం పొద్దుగూకేదాకా మాత్రం ఆ వైపు పోవద్దు, అది వాళ్ళ విశ్రాంతి.

మొన్న మోజెల్ ఫోన్ చేసింది. నెల దాటింది కదా, ఎరుపు పోయిందట, తర్వాత పసుపూ పోయిందట. అతుకులు గట్టిగా ఉన్నాయట. "పూర్తిగా పోయిందా?" అని అడిగాను. పూర్తిగా పోయిందంది. తర్వాత, టెక్కాలో మంచి పసుపు ఏ షాపులో దొరుకుతుందని అడిగింది. కూరలోకా అని నేను అడగలేదు. మార్కెట్టు వెనకవైపు రెండో వరసలో, కొబ్బరికాయల కొట్టు పక్కన అని చెప్పాను.